రాడార్‌కు చిక్కని ఎంహెచ్370 పొద్దున దాకా ఎగిరిందని ఎట్ల తెలిసింది?

మొన్న మిర్యాలగూడ బస్టాండ్ దగ్గర చాయ్ తాగుతుంటే మా బావమరిది అడిగిండు ఈ మాట. మంచి ప్రశ్నే.

2014 మార్చి 8న 239 మందితో కౌలాలంపూర్ నుంచి బీజింగ్‌కు బయలుదేరిన ఈ మలేషియా ఎయిర్‌లైన్స్ విమానం ట్రాన్స్‌పాండర్ (విమానం ఎక్కడుందో రాడార్‌కు చెప్పే పరికరం) దారిలో ఆగిపోయింది. పడమటికి మళ్లడం మలేషియా సైనిక రాడార్‌లో కాసేపు కనిపించింది, తర్వాత అదీ లేదు. కానీ లోపలి శాటిలైట్ పరికరం మాత్రం ఉపగ్రహం దాదాపు గంటకోసారి పలకరిస్తే ‘ఉన్నా’ అంటూ పలికింది. చివరి సంకేతం ఉదయం 8:19కి. మనం మాట్లాడకున్నా ఫోన్‌కు టవర్‌తో లంకె ఉన్నట్టే అన్నమాట. జవాబుకు పట్టిన సమయాన్ని బట్టి ఉపగ్రహం నుంచి దూరం లెక్కగట్టారు. దూరం తెలిసింది గానీ చోటు తెలియలేదు. అందుకే చుక్కకు బదులు పొడవాటి వంపు గీత వచ్చింది. ఆ సంకేతాల ఫ్రీక్వెన్సీ తేడాలు చూసి విమానం పోయింది దక్షిణ హిందూ మహాసముద్రం వైపే అన్నారు. అక్కడ 1,20,000 చదరపు కిలోమీటర్ల సముద్రపు అడుగు గాలించారు. మన తెలంగాణ మొత్తం కలిపినా అంత లేదు!

2015లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఈ విమానం రెక్క భాగం దొరికింది, కాబట్టి ‘ఎక్కడో దాచిపెట్టారు’ అనే కథ వదిలెయ్యండి. పైలట్ పనే అని కొందరు, ఆక్సిజన్ అందక అంతా స్పృహ తప్పారని కొందరు. వెనక్కి మళ్లించింది మనిషి చెయ్యేనన్నట్టు 2018 మలేషియా నివేదిక చెప్పింది, ఎవరి చెయ్యో తేల్చలేదు. అందుకే ఆక్సిజన్ వాదన ఒక్కటే నాకు చాలదనిపిస్తది.