యాట కూర తినే స్వేచ్ఛ నాకుందా, లేదా?

ప్రశ్న: అక్కా, మాది మర్రిగూడ మండలంలో ఒక ఊరు. పోచమ్మ పండుగకు పక్కింటి పెద్దమ్మ ఏటా అమ్మవారికి బలిచ్చిన యాట (మేక, గొర్రె) కూర మాకు గిన్నెడు పంపుతది. విగ్రహం వట్టిదని బైబిల్ల అపొస్తలుడు పౌలే అన్నడు గదా అని నేను తింటా. కొత్తగా బాప్తిస్మం తీసుకున్న మా బామ్మర్ది ఈసారి అది చూసి నాతో మాట్లాడుడే బంద్ చేసిండు. మా పాస్టరు గారేమో తింటే రక్షణ పోతదంటున్నరు. పెద్దమ్మకు ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి ఫ్లోరోసిస్ వచ్చింది, నడుం వంగిపోయింది, కొడుకు బొంబాయిల ఉంటడు. గిన్నె వాపస్ పంపితే ఆమె మనసు నొచ్చుకుంటది. క్రీస్తు మనల్ని స్వతంత్రులను చేసిండు గదా, మరి నేను తినొచ్చా, వద్దా?

జవాబు: తినే స్వేచ్ఛ నీకుంది తమ్ముడూ. అంగట్లో అమ్మే మాంసం ఎక్కడిదని ఆరా తీయకుండా తినమనీ, అవిశ్వాసి భోజనానికి పిలిస్తే వడ్డించింది తినమనీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయంలో ఉంది. ఆ వెంటనే ఇంకో మాట కూడా ఉంది. 'ఇది బలి ఇచ్చింది' అని ఎవరైనా చెబితే తినొద్దు. ఎందుకు? నీ మనస్సాక్షి కోసం కాదు, ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం. మీ ఇంట్లో ఆ చెప్పినవాడు మీ బామ్మర్దే. మొన్నటిదాకా ఆ పోచమ్మకే మొక్కిన పిల్లవాడికి అది ఉట్టి కూరలాగా ఎట్లా కనబడుతుంది? అతను నిలదొక్కుకునేదాకా మానుకో.

'మానుకుంటే స్వేచ్ఛ పోయినట్టే గదా' అంటావు. పౌలునే చూడు. తన తోటి సేవకుడు, యూదుడు కాని తీతుకు సున్నతి చేయించాల్సిందేనని కొందరు పట్టుబడితే గడియసేపు కూడా లొంగలేదు. అదే మనిషి, యూదురాలి కొడుకైన తిమోతికి అక్కడి యూదుల కోసమని తానే సున్నతి చేయించాడు. అది లేకపోతే రక్షణ లేదన్నచోట ససేమిరా అన్నాడు, ఎదుటివారి మేలు కోరినచోట తనంతట తానే తగ్గాడు. కాబట్టి పాస్టరు గారి మాటకు భయపడి మానకు, బామ్మర్ది కోసం మాను. 1520లో ప్రొటెస్టంట్ ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్ క్రైస్తవుని స్వేచ్ఛ గురించి రాసిన చిన్న పుస్తకంలో కూడా ఇదే: క్రైస్తవుడు ఎవరికీ లోబడనివాడు, అందరికీ లోబడే సేవకుడు. ఇద్దరూ ఒక్క మనిషే.

అయినా నీ ఉత్తరం చదువుతుంటే నాకు కూర కంటే పెద్దమ్మ మీదనే మనసు పోయింది. ఆమె గురించి నువ్వు రాసింది రెండు ముక్కలే. నల్లగొండ వైపు నర్సుగా పనిచేసినదాన్ని, ఆ జబ్బు నాకు తెలుసు. వెన్నుపూస బిగుసుకుపోతుంది, మెడ తిరగదు, కింద కూర్చుంటే లేవరాదు, కాలిగోళ్లు చేతికందవు. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వచ్చినా, ఒకసారి వంగిన ఎముక సాపు కాదు. ఆమెకు బిందె ఎవరు ఎత్తుతున్నారు? రేషన్ బియ్యానికి వేలిముద్ర వేయాలంటే ఎవరు తీసుకుపోతున్నారు? (బండి మీద ఎక్కించకు, ఆ నడుంతో కూర్చోలేదు. ఆటో మాట్లాడు.) గలతీ పత్రిక 5వ అధ్యాయంలో మీరు స్వాతంత్ర్యానికి పిలవబడ్డారని చెప్పిన వచనంలోనే, ప్రేమతో ఒకరికొకరు దాసులై ఉండమని ఉంది. మనవాళ్లు చాలామంది వచనంలో మొదటి సగం దగ్గరే ఆగిపోతారు.

గిన్నె సంగతి. పిల్లలతో వాపస్ పంపొద్దు, నువ్వే పో. 'పెద్దమ్మా, నీ చేతి వంట నేనెట్లా మానుత? పండుగ కూర మాత్రం మా బామ్మర్ది కోసం మానుకున్న. రేపు చారు పెట్టు, వచ్చి తింట' అని చెప్పు. నొచ్చుకుంటే నొచ్చుకోనీ, మర్నాడు పోయి ఆ చారు తిను. గోళ్లు తీయడానికి కత్తెర కూడా పట్టుకుపో. ముందు కాసేపు గోరువెచ్చని నీళ్లలో కాళ్లు నాననివ్వు, లేకపోతే ఆ వయసు గోళ్లు తెగవు. వీలైతే బామ్మర్దిని కూడా వెంటబెట్టుకుపో. ఇదంతా ఆమెను చర్చికి రప్పించే ఎర మాత్రం కావద్దు. అట్లా అయితే ఆమె ఇట్టే పసిగడుతుంది.

పాస్టరు గారితో ఆదివారం నలుగురిలో వాదానికి దిగకు. వారం మధ్యలో ఇంటికి పోయి, ఆ 10వ అధ్యాయం తెరిచి ఇద్దరూ కలిసి చదవండి.