డ్రూపల్‌లో లాగ్ రాసేటప్పుడు

చిరంజీవి అమ్మలుకి, బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన మాడ్యూల్ (వెబ్‌సైట్లు కట్టే డ్రూపల్ అనే సాఫ్ట్‌వేర్‌కి జోడించే కోడ్) మొత్తం చదివాను. పని చక్కగా చేస్తోంది. లాగ్ మెసేజ్‌ల సంగతే, అంటే సైట్‌లో ఏం జరిగిందో కోడ్ రాసిపెట్టే చిట్టా సంగతే, కాస్త వివరంగా చెప్పాలి. కోడ్‌లో తప్పు జరిగితే నడిచే ప్రతి క్యాచ్ బ్లాకులోనూ "ఎర్రర్ వచ్చింది" అని రాసి వదిలేశావు. రేపు సైట్ లైవ్‌కి వెళ్లాక అర్ధరాత్రి లాగ్ తెరిచి చూసేది నువ్వే అవుతావని ఏముంది? ఆ చూసేవాళ్లకి ఈ రెండు ముక్కలతో ఏం తెలుస్తుందమ్మా? "ఆర్డర్ 4182: పేమెంట్ గేట్‌వే 15 సెకన్లలో జవాబివ్వలేదు, ఆర్డర్‌ని పెండింగ్‌లో ఉంచాం" అని రాస్తే ఏ ఆర్డరో, ఏమైందో, మన కోడ్ ఏం చేసిందో ఒక్క లైన్లో దొరుకుతుంది.

పాత డ్రూపల్ 7 కోడ్‌లో లాగ్ రాయడానికి వాచ్‌డాగ్ ఫంక్షన్ కనబడుతుంది. 2015లో వచ్చిన డ్రూపల్ 8 నుంచి ఆ పని లాగర్ సర్వీసుది. నీ క్లాసుల్లోకి లాగర్ ఫ్యాక్టరీని (లాగర్లని తయారుచేసి ఇచ్చే సర్వీసుని) ఇంజెక్ట్ చేసుకో, అంటే బయటి నుంచి అందేలా పెట్టుకో, టెస్టులు రాయడం సులువవుతుంది. ఛానెల్‌కి, అంటే లాగ్‌లో నీ మెసేజ్‌ల గుంపుకి, మాడ్యూల్ పేరే పెట్టు. లాగ్ పేజీలో ఫిల్టర్ చేసి నీవి మాత్రమే చూసుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. ఆర్డర్ నంబర్‌ని చుక్క (PHP కోడ్‌లో మాటల్ని కలిపే గుర్తు) పెట్టి మెసేజ్‌కి అతికించకు. మెసేజ్‌లో ఆ చోట @ గుర్తుతో మొదలయ్యే పేరు పెట్టి, విలువని పక్కన అర్రేలో (విలువల జాబితాలో) ఇవ్వు. డేటాబేస్ లాగింగ్ మాడ్యూల్ ఆ రెండిటినీ విడివిడిగా దాచి, చూపించేటప్పుడు విలువని ఎస్కేప్ చేసి కలుపుతుంది. యూజర్ ఏ HTML ట్యాగులు టైప్ చేసినా అవి ఉత్త అక్షరాలుగానే కనబడతాయి. ఇంకోటి, ఆ మెసేజ్‌ని అనువదించేది కూడా డ్రూపలే. నువ్వు నంబర్ అతికించావంటే ప్రతి ఆర్డరూ దానికి కొత్త వాక్యమే, అనువాదాల టేబుల్ ఊరికే నిండిపోతుంది. అనువాదం డ్రూపలే చూసుకుంటుంది కాబట్టి మెసేజ్‌ని టీ ఫంక్షన్‌లో (డ్రూపల్‌లో అనువదించే ఫంక్షన్) నువ్వు పెట్టనక్కర్లేదు.

ఎక్సెప్షన్‌ని (కోడ్ నడుస్తుండగా వచ్చే తప్పుని) పట్టుకున్నప్పుడు దాని మెసేజ్ ఒక్కటే రాస్తే చాలదు. డ్రూపల్ 10.1 నుంచి ఎర్రర్ క్లాసులో లాగ్ ఎక్సెప్షన్ మెథడ్ ఉంది, ఫైలు, లైను నంబరుతో సహా అదే రాసిపెడుతుంది.

లాగ్ మెసేజ్‌ల తీవ్రత స్థాయిలు ఎమర్జెన్సీ నుంచి డీబగ్ దాకా ఎనిమిది. నువ్వు అన్నిటికీ ఎర్రర్ వాడావు. పాస్‌వర్డ్ తప్పు కొట్టడం సైట్‌లో రోజూ జరిగేదే, డ్రూపల్ కోర్ కూడా దాన్ని నోటీస్ అనే రాస్తుంది. డబ్బు కట్ అయి ఆర్డర్ పడకపోతే అది ఎర్రర్.

లూప్‌లో పెట్టిన ఆ డీబగ్ లైన్ మాత్రం తప్పకుండా తీసెయ్. డేటాబేస్ లాగ్ మామూలుగా ఉంచేది చివరి 1000 మెసేజ్‌లే, క్రాన్ (వేళకి తనంతట తాను నడిచే పని) నడిచినప్పుడల్లా పాతవి పోతాయి. ఆ లూప్‌తో ఒక్క ఇంపోర్ట్ (బయటి డేటాని సైట్‌లోకి తెచ్చే పని) నడిస్తే చాలు, పొద్దున వచ్చిన అసలు ఎర్రర్ గల్లంతు. లైవ్‌లో మెసేజ్‌లని సర్వర్ సొంత లాగ్‌కి పంపే సిస్‌లాగ్ మాడ్యూల్ పెట్టించుకుంటే ఈ టెన్షన్ తగ్గుతుంది. గేట్‌వే టోకెన్లు, పాస్‌వర్డ్‌లు మాత్రం ఏ లాగ్‌లోనూ పడనివ్వకు. రిపోర్టులు చూసే పర్మిషన్ ఉన్న ప్రతివాళ్లూ వాటిని చదవగలరు.

ముందు పేమెంట్ ఫైలు సరిచెయ్. తర్వాత నీ లోకల్‌లో గేట్‌వే అడ్రస్ కావాలనే తప్పుగా ఇచ్చి, ఒక టెస్ట్ ఆర్డర్ పెట్టి, డ్రష్‌లో (డ్రూపల్‌కి కమాండ్లు ఇచ్చే టూల్) వాచ్‌డాగ్ షో కొట్టు. ఆ లైన్‌ని మీ టీమ్‌లో ఈ కోడ్ చూడనివాళ్లకి చూపించి ఏమైందో చెప్పమను. వాళ్లు చెప్పగలిగితే లైవ్‌కి పంపెయ్.

– బాబాయి