ఓడలో జేబులోనే ఉన్న ఫోన్‌కి 68 వేల బిల్లు: మొత్తం కట్టాల్సిందేనా?

ప్రశ్న: అమ్మానాన్నలను తీసుకుని పది రోజులు విదేశాలకు వెళ్లొచ్చాను. బయల్దేరే ముందే నా పోస్ట్‌పెయిడ్ నంబరుకు ఇంటర్నేషనల్ రోమింగ్ ప్యాక్ వేయించుకున్నాను. చివరి రెండు రాత్రులు క్రూయిజ్ ఓడలో ఉన్నాం. ఆ రెండు రోజులూ ఎవరితోనూ మాట్లాడలేదు, ఫోన్ జేబులోనే ఉంది. తిరిగొచ్చాక 68,400 రూపాయల బిల్లు వచ్చింది. మామూలుగా నాకు నెలకు 700 కూడా దాటదు. అడిగితే ‘ఓడలోని నెట్‌వర్క్ మీ ప్యాక్‌లో లేదు’ అంటున్నారు. వసూలు ఏజెంటు ఫోన్ చేసి, కట్టకపోతే పాస్‌పోర్టు ఆపేయిస్తామని బెదిరిస్తున్నాడు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందు పాస్‌పోర్టు భయం వదిలేయండి. పాస్‌పోర్టును స్వాధీనం చేసుకునే అధికారం 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం పాస్‌పోర్టు అధికారికి ఉంటుంది, అదీ ఆ చట్టం 10వ సెక్షన్‌లో రాసిన కారణాల మీదే. ఫోన్ బిల్లు బాకీ ఆ కారణాల్లో లేదు. బిల్లు కట్టకపోవడం సివిల్ బాకీ మాత్రమే, నేరం కాదు. ఆ ఏజెంటు ఏ నంబరు నుంచి, ఏ రోజు, ఎన్ని గంటలకు ఫోన్ చేశాడో, ఏమన్నాడో రాసి పెట్టుకోండి. పెద్దవాళ్లున్న ఇంటికి ఇలా ఫోన్ చేసి బెదిరించడం నాకు చాలా బాధ కలిగించే విషయం. మళ్లీ చేస్తే పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ఇక బిల్లు. ‘నేను ఫోన్ వాడనే లేదు’ అన్న వాదన మీద ఆధారపడకండి, అది నిలబడదు. నడిసముద్రంలో ఓడకు ఒడ్డు మీది టవర్లు అందవు. ఓడలోనే చిన్న టవర్ పెట్టి దాన్ని శాటిలైట్‌కి కలుపుతారు. అది ఏ దేశపు నెట్‌వర్కూ కాదు కాబట్టి, దేశాల పేర్లతో అమ్మే ప్యాక్‌లలో సాధారణంగా ఉండదు. రేటు కూడా చాలా ఎక్కువ. విమానంలో ఇచ్చే నెట్‌వర్క్‌దీ ఇదే కథ. మీ ఫోన్‌లో డేటా రోమింగ్ ఆన్‌లో ఉంటే, మీరు ముట్టుకోకపోయినా ఫోటోల బ్యాకప్, యాప్‌ల అప్‌డేట్లు, మెయిళ్లు డేటా లాగుతూనే ఉంటాయి. ఆ వాడకం లెక్క బయటి నెట్‌వర్క్ నుంచి మీ కంపెనీకి వస్తుంది. కేసు వినియోగదారుల కమిషన్ దాకా వెళితే, అక్కడ వాళ్లు ఆ లెక్కే చూపిస్తారు.

మీ బలం వేరే చోట ఉంది. నెలకు 700 కట్టే మనిషి ఖాతాలో 68 వేలు అయ్యేదాకా కంపెనీ ఏం చేస్తోంది? పోస్ట్‌పెయిడ్ కనెక్షన్‌కి క్రెడిట్ లిమిట్, అంటే బిల్లు ఇంతవరకే వెళ్లొచ్చన్న హద్దు ఉంటుంది. ఆ లిమిట్ ఎంతో వినియోగదారుకు చెప్పాలని, వాడకం అందులో 80 శాతానికి చేరగానే తెలియజేయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2005లోనే టెలికాం కంపెనీలను ఆదేశించింది. మీ లిమిట్ ఎంత, అది ఏ తేదీన ఏ సమయానికి దాటింది, దాటే ముందు మీకు ఏ మెసేజ్ పంపారు, దాటాక కూడా సేవ ఎందుకు ఆపలేదు అని రాతలో అడగండి. కేసు గెలిచేదీ ఓడేదీ ఈ జవాబుల మీదే. ప్యాక్ అమ్మినప్పుడు ఓడ, విమానం ఇందులో రావని మీకు కనపడేలా చెప్పారా అన్నది రెండో ప్రశ్న. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవాలోపానికి ఇచ్చిన నిర్వచనంలోనే, తెలియాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం కూడా ఉంది.

అయితే నిజం మీ ఫోన్‌లోనే ఉండొచ్చు. ఓడ ఎక్కిన రోజు వచ్చిన ఎస్సెమ్మెస్‌లన్నీ తెరిచి చూడండి. ‘మీరు ఇప్పుడు సముద్ర నెట్‌వర్క్‌లో ఉన్నారు, రేటు ఇంత’ అని మెసేజ్ వచ్చి ఉంటే మీ కేసు బలహీనపడుతుంది. దాన్ని తుడిచేసి రాలేదని మాత్రం చెప్పకండి, కంపెనీ దగ్గర రికార్డు ఉంటుంది. రాకపోతే, ఆ రెండు రోజుల మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు వరుసగా తీయండి. ప్యాక్ కొన్నప్పుడు వచ్చిన మెయిల్, యాప్‌లో ప్యాక్ వివరాల పేజీ, గత ఆరు నెలల బిల్లులు, ఓడ టికెట్టు అన్నీ ఒకచోట పెట్టండి. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే కొన్నాళ్లు ఆపుకోండి.

డబ్బు విషయంలో చాలామంది రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తారు. భయపడి మొత్తం కట్టేస్తారు, లేదా కోపంతో ఒక్క రూపాయీ కట్టరు. మీరు బిల్లును రెండుగా విడగొట్టండి. నెల అద్దె, ప్యాక్ ధర, ఒప్పుకునే మిగతా వాడకం గడువులోగా కట్టేయండి. ‘ఓడ తాలూకు మొత్తం వివాదంలో ఉంది, మిగతాది కడుతున్నాను’ అని అదే రోజు మెయిల్ పెట్టండి. నిజాయతీగా కట్టే మనిషి అని ఆ ఒక్క మెయిల్ చెబుతుంది. ఈలోగా వేరే కంపెనీకి మారిపోదామనుకోకండి, బాకీ ఉండగా నంబరు పోర్ట్ కాదు.

తర్వాత 198కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి డాకెట్ నంబరు (ఫిర్యాదు గుర్తింపు సంఖ్య) తీసుకోండి. డాకెట్ నంబరు లేని ఫిర్యాదు లేనట్టే. బిల్లింగ్ ఫిర్యాదును తేల్చడానికి వాళ్లకు ట్రాయ్ పెట్టిన గడువు ఉంటుంది. జవాబు నచ్చకపోయినా, అసలు రాకపోయినా 30 రోజుల్లోగా అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేయండి. ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్‌కి రాస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. విడివిడి ఫిర్యాదులను ట్రాయ్ విచారించదు.

అక్కడా న్యాయం జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ‘టెలికాం వివాదాలు వినియోగదారుల కమిషన్‌లో నడవవు’ అని ఎవరైనా అంటే అది పాత మాట. 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల అలా తిప్పి పంపేవారు. 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టే కమిషన్లకు ఆ అధికారం ఉందని స్పష్టం చేసింది. ఆ కేసు కూడా మీలాంటిదే, నెలకు ఐదారు వందలు కట్టే వినియోగదారుకు ఒక్కసారిగా 24 వేలు దాటిన బిల్లు వచ్చింది. 2019 చట్టం సేవల్లో టెలికాంను పేరుపెట్టి మరీ చేర్చింది.

మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. వివాదం మొదలైన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంది. మీరు చెల్లించిన ప్రతిఫలం, అంటే సేవకు కట్టిన డబ్బు ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఫిర్యాదును ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే వేయొచ్చు. ఫిర్యాదుతో పాటే మధ్యంతర ఉత్తర్వు కోసం దరఖాస్తు పెట్టండి. కేసు తేలేదాకా కనెక్షన్ తీసేయవద్దని, వసూలు ఆపాలని అడగండి. అఫిడవిట్ (ప్రమాణ పత్రం) పెట్టండి, స్క్రీన్‌షాట్ల లాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకు కావాల్సిన సర్టిఫికెట్‌ను భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద జతచేయండి. ఒక జాగ్రత్త: ‘ఈ ఒప్పందమే అన్యాయమైనది’ అని రాయకండి. అన్యాయ ఒప్పందాల కేసులు రాష్ట్ర కమిషన్, ఆపై జాతీయ కమిషన్ మాత్రమే వింటాయి, జిల్లా కమిషన్‌లో వేస్తే అక్కడే చిక్కుకుంటారు. సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న మాటలకే కట్టుబడండి.

ఈ బాకీని క్రెడిట్ బ్యూరోకి (మన అప్పులు, చెల్లింపుల చరిత్ర నమోదు చేసే సంస్థకు) ఎక్కిస్తే రేపు ఇంటి లోను దగ్గర ఇబ్బంది. నెలకోసారి క్రెడిట్ రిపోర్టు తీసి చూసుకోండి. ఈ బాకీ కనిపిస్తే, వివాదంలో ఉందని డాకెట్ నంబరుతో సహా బ్యూరోకి రాయండి, 30 రోజుల్లో స్పందించాలి.

అప్పీలు దశలోనే కంపెనీ ‘సగం మాఫీ చేస్తాం’ అని ఫోన్ చేయొచ్చు. క్రెడిట్ లిమిట్ అలర్ట్ పంపినట్టు వాళ్లు చూపించలేకపోతే సగానికి ఒప్పుకోవద్దని నా సలహా. అలర్ట్ మీ ఫోన్‌లోనే దొరికితే మాత్రం ఆ సగం మంచి బేరమే. ‘ఇంతటితో ఈ బిల్లు మీద బాకీ ఏమీ లేదు, క్రెడిట్ బ్యూరోకి పంపం’ అని కంపెనీ మెయిల్ నుంచి రాసి పంపాకే డబ్బు కట్టండి.