గ్రాఫ్ విండో నా ల్యాప్‌టాప్‌లో ఎందుకు తెరుచుకోవట్లేదు?

ప్రశ్న: సార్, నేను ఎంటెక్ చేస్తున్నా. ల్యాబ్‌లో ఉన్న లినక్స్ మెషీన్‌కి హాస్టల్ నుంచి విండోస్ ల్యాప్‌టాప్‌లో పుట్టీ పెట్టుకుని ఎస్ఎస్‌హెచ్‌తో లాగిన్ అవుతాను. కమాండ్లన్నీ బాగానే నడుస్తాయి, గ్నూప్లాట్‌లో గ్రాఫ్ గీయమంటే మాత్రం డిస్‌ప్లే ఓపెన్ కాలేదని ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటుంది. ల్యాబ్ మెషీన్‌లో ఎక్స్ సర్వర్ వేయించాలా?
- ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: అక్కడ కాదండీ, మీ ల్యాప్‌టాప్‌లో వేయాలి! ఈ పేర్ల దగ్గరే అందరూ బోల్తా పడతారు, నేనూ పడ్డా. ఎక్స్ అంటే లినక్స్‌లో విండోలు గీసే వ్యవస్థ, దాని లెక్కలో స్క్రీను, కీబోర్డు, మౌసు ఎవరి దగ్గరుంటే వాళ్లే సర్వర్, అంటే మీ ల్యాప్‌టాప్. ల్యాబ్‌లో నడిచే గ్నూప్లాట్ ఉత్త క్లయింటు, విండో గీసిపెట్టమని మీ దగ్గరికే వస్తుంది.

విండోస్‌లో ఆ సర్వర్ ఉండదు కాబట్టి వీసీఎక్స్‌సర్వ్ లాంటిది వేసి ముందు దాన్ని నడపండి, తర్వాత పుట్టీ సెట్టింగుల్లో ఎస్ఎస్‌హెచ్ కింద ఎక్స్11 అని ఉంటుంది, అక్కడ ఫార్వర్డింగ్‌కి (అంటే ల్యాబ్ విండోల్ని ఎస్ఎస్‌హెచ్ దారిలోనే మీ దగ్గరికి పంపడానికి) టిక్ పెట్టి మళ్లీ లాగిన్ అవ్వండి. ఇదంతా ఎందుకు అనుకుంటే మోబాఎక్స్‌టెర్మ్ వేసుకోండి, అందులో ఎక్స్ సర్వరూ ఎస్ఎస్‌హెచ్ లాగినూ రెండూ కలిపే ఉంటాయి.

లాగిన్ అయ్యాక, విండో ఎక్కడ గీయాలో చెప్పే డిస్‌ప్లే వేరియబుల్‌ని ఎకో కమాండ్‌తో చూడండి, లోకల్‌హోస్ట్ 10 అని కనిపిస్తే దారి పడినట్టే. ఖాళీగా ఉంటే తప్పు అవతల ఉంది, సర్వర్ సెట్టింగుల్లో ఎక్స్11 ఫార్వర్డింగ్ ఆపేసి ఉండొచ్చు, ఎక్స్ అనుమతులు చూసుకునే ఎక్స్‌ఆథ్ ప్రోగ్రాం లేకపోయి ఉండొచ్చు, అడ్మిన్‌ని అడగండి. అంతేగానీ ఎవరో చెప్పారని ఆ వేరియబుల్‌లో మీ ఐపీ అడ్రస్ చేత్తో కొట్టకండి, అప్పుడు బొమ్మలూ మీరు కొట్టే అక్షరాలూ ఎస్ఎస్‌హెచ్ బయట, ఏ ఎన్‌క్రిప్షనూ లేకుండా పోతాయి.

ఇంకోటి, ఈ దారి తెరిస్తే అవతలి మెషీన్ మీద రూట్ హక్కులున్నవాళ్లు (అంటే పూర్తి అడ్మిన్ అధికారం ఉన్నవాళ్లు) మీ స్క్రీన్‌లోకి తొంగిచూడగలరు, నమ్మకం లేని చోట వాడొద్దు.

అంతా కుదిరాక కూడా స్లోగానే ఉంటుంది, ముందే చెప్తున్నా. ఎక్స్ 1984లో ఎంఐటీలో పుట్టింది, ఒకే క్యాంపస్ నెట్‌వర్క్‌లో అయితే పర్లేదు గానీ చిన్న మెనూ తెరవడానికి కూడా అటూ ఇటూ బోలెడు కబుర్లు నడుస్తాయి, హాస్టల్ వైఫైలో ప్రాణం విసిగిపోతుంది, పైగా నెట్ తెగిందా విండో కూడా పోతుంది. రోజూ గంటలకొద్దీ పనైతే ఎక్స్‌ప్రా అనే ప్రోగ్రాం చూడండి, నెట్ పోయినా ప్రోగ్రాం అక్కడ నడుస్తూనే ఉంటుంది. మీకు కావాల్సింది ఒట్టి గ్రాఫే అయితే గ్నూప్లాట్‌నే పీఎన్‌జీ ఫైలు రాయమని, దాన్ని ల్యాప్‌టాప్‌కి కాపీ చేసుకోండి, నేనైతే అదే చేస్తా.