రిపేరుకిచ్చిన పందిరి మంచం ఇవ్వనంటే మూడేళ్ల లెక్క ఎప్పటి నుంచి?

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం): మాది హైదరాబాద్. నా భార్యది గోవాలో మడ్‌గావ్ దగ్గర ఊరు. అత్తగారింట్లో తరాల నాటి రోజ్‌వుడ్ పందిరి మంచం, బంగారు రేకు అద్దిన ఒరాటోరియో (ఇంట్లో ప్రార్థన చేసుకునే చెక్క మందిరం), అందులో ఏనుగు దంతంతో చేసిన క్రీస్తు విగ్రహం ఉండేవి. 2019 నవంబరులో మూడింటినీ మడ్‌గావ్‌లో ఒక పాత సామాన్ల వ్యాపారికి రిపేరుకిచ్చాం. అడ్వాన్సు రూ.15,000 నా ఖాతా నుంచి పంపాను. 2020లో అత్తగారు పోయారు. వ్యాపారి ఏళ్ల తరబడి ఇవ్వను పొమ్మంటున్నాడు. 2024 ఆగస్టు 19న మేం వాట్సాప్‌లో అడిగితే, అదే రోజు ‘అవి నాకు అమ్మేశారు, ఇవ్వను’ అని జవాబిచ్చాడు. పైగా 2019 నుంచి మూడేళ్లు దాటాయి, కోర్టుకెళ్లినా లాభం లేదంటున్నాడు. 2019 తేదీతో అమ్మకం రసీదు మీద సంతకం పెడితే రూ.2 లక్షలిస్తానని, మంచాన్ని కొత్త చెక్క సామాను పేరుతో లిస్బన్‌లో ఉన్న మా బావమరిదికి పంపిస్తానని అంటున్నాడు. ఒప్పుకోవాలా? అత్తగారు ఆ మందిరం ముందే కన్ను మూయాలనుకున్నారు. నా భార్య టెన్షన్‌తో నిద్రపోవడం లేదు.

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం అత్తగారి జ్ఞాపకాలే. కేసును తేల్చేది మాత్రం మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన రూ.15,000. అమ్మినవాడు కొన్నవాడికి ఎదురు డబ్బు కట్టడు. సామాను, డబ్బు రెండూ మీ వైపు నుంచే వెళ్లాయంటే అది రిపేరుకు అప్పగించడమే. 1872 కాంట్రాక్టు చట్టంలో దీన్నే బెయిల్‌మెంట్ అంటారు. పని అయ్యాక సామాను తిరిగి ఇవ్వడం అతని బాధ్యత. కొన్నానని చెబుతున్నాడు కాబట్టి, మీకు ఎంత ఇచ్చాడో, ఎలా ఇచ్చాడో అతనే చూపించాలి.

ఇది రిపేరుకు అప్పగించడమని తేలితే కాలపరిమితి లెక్క మారిపోతుంది. 1963 లిమిటేషన్ చట్టం షెడ్యూలులో 70వ ఆర్టికల్ ప్రకారం, అప్పగించిన వస్తువును తిరిగి రాబట్టుకోవడానికి మూడేళ్లు గడువు. ఆ గడువు ఇచ్చిన రోజు నుంచి కాదు, మీరు అడిగాక అతను ఇవ్వనన్న రోజు నుంచి నడుస్తుంది. తొలి నిరాకరణ 2024 ఆగస్టు 19నే అయితే 2027 ఆగస్టు 19 లోపు దావా వేయాలి. 2022తోనే గడువు అయిపోయిందన్న అతని మాట చట్టం కాదు.

ఇక్కడే మిమ్మల్ని మందలించాలి. ‘ఏళ్ల తరబడి ఇవ్వను పొమ్మంటున్నాడు’ అని రాశారు. అదే మాట లాయర్ నోటీసులో పడితే, తొలి నిరాకరణ ఎప్పుడో జరిగిందని మీరే ఒప్పుకున్నట్టు. మీరు జతచేసిన మెసేజ్‌లలో 2024కు ముందు ఉన్నవి ‘వానలు తగ్గాక’, ‘పాలిష్ ఆరలేదు’ అన్న సాకులే. సాకు వేరు, నిరాకరణ వేరు. అంతకు ముందు ఫోన్లో గానీ ఎదురుగా గానీ ఇవ్వనని తెగేసి చెప్పాడా? చెప్పి ఉంటే ఆ సంగతి మీ లాయరు దగ్గర దాచకండి. లెక్క ఆ రోజు నుంచి మొదలవుతుంది, ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో వెంటనే తేల్చుకోవాలి.

ఆ 2019 తేదీ రసీదు మీద మాత్రం పొరపాటున కూడా సంతకం పెట్టకండి. పెట్టిన క్షణం రూ.15,000 సాక్ష్యం చచ్చిపోతుంది. దొంగ తేదీతో కాగితం పుట్టించిన నేరంలో మీరూ భాగస్వాములవుతారు. లిస్బన్ మాట ఇంకా ప్రమాదం. నూరేళ్లు దాటిన ఇలాంటి కళాఖండాలు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడానికి వీల్లేదు. పంపితే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు, జరిమానా. దానిపైన కస్టమ్స్ కేసు. కొత్త సామాను అని రాసి పంపడం, తెలిసే చేశారనడానికి రుజువు. అందుకునేది మీ బావమరిది, కాబట్టి చిక్కుకునేదీ మీ కుటుంబమే.

దంతపు విగ్రహం సంగతి వేరు. మన దేశపు ఏనుగుదైనా, ఆఫ్రికా ఏనుగుదైనా దంతం కొనడం, అమ్మడం నేరం. వారసత్వంగా ఉంచుకోవచ్చు గానీ, వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సంక్రమించిన 90 రోజుల్లో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు డిక్లరేషన్ ఇవ్వాలి. 2020 నుంచి ఇంట్లో ఒక్కరికీ ఇది తట్టలేదా? అత్తగారి పేరున యాజమాన్య సర్టిఫికెట్ ఉందేమో ఆవిడ పెట్టెలో వెతకండి. లేకపోతే గోవాలోని లాయరుతో వెళ్లి, ఆలస్యానికి కారణం చెప్పి ఇప్పుడైనా డిక్లరేషన్ ఇవ్వండి. అవతలివాడు ఫిర్యాదు చేశాక వెళ్లడం కంటే ముందే వెళ్లడం నయం.

సాక్ష్యాల విషయానికి వస్తే, స్క్రీన్‌షాట్లు చాలవు. ఆ ఫోను మార్చకండి, చాట్ చెరిపేయకండి. ఆ చాట్‌ను 2023 భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్‌తో (ఎలక్ట్రానిక్ రికార్డు ఏ ఫోను నుంచి, ఎలా తీశారో చెప్పే ధ్రువపత్రం) దాఖలు చేయాలి. బ్యాంకు నుంచి 2019 నవంబరు స్టేట్‌మెంట్ తీసుకోండి. గోవాలో వారసత్వ పంపకానికి ఇన్వెంటరీ ప్రొసీడింగ్ (పోయినవారి ఆస్తుల జాబితా రాసి వారసులకు పంచే కోర్టు ప్రక్రియ) ఉంటుంది. మీ అత్తమామల ఇంట్లో అది జరిగి, ఆస్తుల జాబితాలో ఈ సామాను ఉంటే ఆ సర్టిఫైడ్ కాపీకి చాలా బలం ఉంటుంది.

పాత పెళ్లి ఫొటోలు వెతకండి. బరోక్ (పాతకాలపు యూరప్ అలంకార శైలి) పనితనంలో మెలితిరిగిన స్తంభాలు, దేవదూతల ముఖాలు, తీగల చెక్కడం మామూలే, నకళ్లూ వస్తుంటాయి. దావాలో ‘పాత మంచం ఒకటి, మందిరం ఒకటి’ అని రాస్తే అతను ఏదో నకలు తెచ్చి ఇదేనంటాడు. విగ్రహం ఎడమ చేతి చిటికెన వేలు విరిగిందని మీరు ఉత్తరం చివర రాశారు. అది దావాలో మొదట ఉండాలి. స్తంభాల ఎత్తు, పగుళ్లు, రేకు ఊడిన చోట్లు అన్నీ మీ భార్య గుర్తు చేసుకుని రాయాలి. కుటుంబ గుర్తులున్న ఇలాంటి వస్తువుకు డబ్బు సరిపోదని చూపితే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 8వ సెక్షన్ కింద ఆ వస్తువునే అప్పగించమని కోర్టు ఆదేశించగలదు.

దావా మీ పేరున ఒక్కరే వేయకండి. వారసులు మీ భార్య, ఆమె అన్న. ఆయన లిస్బన్ నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చు. వేయాల్సింది మడ్‌గావ్ సివిల్ కోర్టులో, హైదరాబాద్‌లో కాదు. ముందు నోటీసులో రిపేరు బాకీ ఎంతైనా కట్టడానికి సిద్ధమని రాయించండి. ఎందుకంటే పని చేసినవాడికి కూలి అందేదాకా వస్తువును పట్టి ఉంచే హక్కు ఉంది, ఆ సాకు మిగలకూడదు. దావాతో పాటే సామాను అమ్మకుండా, కదిలించకుండా ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు), షాపులో ఏమున్నాయో చూసి రాయడానికి కోర్టు తరఫున కమిషనర్ కావాలని అడగండి. నమ్మకద్రోహం కింద పోలీసు ఫిర్యాదు కూడా ఇవ్వవచ్చు. దాన్ని నమ్ముకుని సివిల్ గడువు మాత్రం పోగొట్టుకోకండి, పోలీసు కేసు నడుస్తున్నంత మాత్రాన ఆ గడువు ఆగదు. ఈ వారంలోనే బ్యాంకుకు వెళ్లి ఆ స్టేట్‌మెంట్ తెచ్చుకోండి.