లోహాన్ని ఎముక ఎలా పట్టుకుంటుంది?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. కింది దవడలో రెండు ఇంప్లాంట్లు వేశారు. స్క్రూ చిన్న గొట్టంలో, నీళ్లలాంటి ద్రవంలో వచ్చింది. చెయ్యి తగలకుండా నేరుగా ఎముకలోకి బిగించారట. ఎముక దాన్ని పట్టుకోవాలి, మూడు నెలలయ్యాక పన్ను పెడతామన్నారు. లోహాన్ని ఎముక పట్టుకోవడమేమిటి? జిగురేమైనా పూస్తారా? ఊడిపోతుందేమోనని నాన్నగారికి ఒకటే టెన్షన్.
– పాఠకురాలు, తెనాలి

జవాబు: జిగురేమీ ఉండదమ్మా. ముందు నాన్నగారికి ఇంకో మాట చెప్పండి. స్వీడన్‌లో 1965లో బ్రోనెమార్క్ అనే డాక్టర్ ఇలాంటి టైటానియం స్క్రూలు మొదటిసారి ఒక మనిషి దవడలో బిగించారు. ఆ రోగి 2006లో చనిపోయేదాకా వాటితోనే తిన్నారు. అసలు బ్రోనెమార్క్ వెతికింది పళ్ల కోసం కాదు. 1952లో కుందేలు కాలి ఎముకలో రక్తప్రసరణ చూడడానికి టైటానియం గొట్టం పెట్టారు. పని అయ్యాక తీయబోతే అది ఎముకను వదల్లేదు.

ఎందుకు వదల్లేదో తెలియాలంటే పటికబెల్లం తయారీ గుర్తు చేసుకోండి. చిక్కటి పంచదార పాకంలో దారాలు వేలాడదీస్తే కొన్నాళ్లకు వాటి చుట్టూ గడ్డలు కడతాయి. కాల్షియం, ఫాస్ఫేట్ విషయంలో మన రక్తం కూడా అలాంటి పాకమే. ఎముకలోని ఖనిజం, అంటే అపటైట్, గడ్డకట్టడానికి సరిపడా సరుకు అందులో ఎప్పుడూ ఉంటుంది. కానీ మొదటి స్ఫటికం పుట్టడం కష్టం. అడ్డుకునే ప్రోటీన్లు కూడా ఉన్నాయి కాబట్టి ఒళ్లంతా రాయి కాకుండా బతుకుతున్నాం. ఆ మొదటి స్ఫటికానికి చోటిచ్చే దారం ఏది? నేను ఏళ్ల తరబడి పనిచేసింది ఈ ప్రశ్న మీదే.

జపాన్ శాస్త్రవేత్త కొకుబో ఒక ద్రవం తయారుచేశారు. లవణాలన్నీ రక్తంలో ఉన్న పాళ్లకు దగ్గరగా ఉంటాయి. కణాలు, ప్రోటీన్లు మాత్రం ఉండవు. దాన్ని 36.5 డిగ్రీల వేడిలో ఉంచాలి. నునుపైన ప్లాస్టిక్ సీసాలోనే కలపాలి. గాజు గోడ మీదా, చిన్న గీత అంచునా కూడా అపటైట్ పుట్టేస్తుంది. నేను రెండు టైటానియం ముక్కలు వేశాను. ఒకటి మామూలుది. రెండోదాన్ని ఒక రోజంతా కాస్టిక్ సోడా ద్రావణంలో 60 డిగ్రీల దగ్గర నానబెట్టి, తర్వాత 600 డిగ్రీల కొలిమిలో కాల్చాను. వారం తర్వాత మామూలు ముక్క మెరుస్తూనే ఉంది. రెండోదాని మీద సున్నం వేసినట్టు తెల్లటి పొర. గోటితో గీకినా రాలేదు. ఒక్క మూల మాత్రం ఖాళీగా మిగిలింది. గ్లవ్ లేకుండా పట్టుకున్న చోటు అది. నా వేలి జిడ్డు ఉన్నంత మేరా ఖనిజం పుట్టలేదు.

లోహం ఒకటే, మారింది పైపొర. టైటానియానికి గాలి తగలగానే ఆక్సైడ్ పొర పడుతుంది. ఇనుప తుప్పులా రాలదు, కాపాడుతుంది. మందం కొద్ది నానోమీటర్లే, వెంట్రుకలో పదివేలో వంతు కూడా ఉండదు. కాస్టిక్ సోడా పనితో ఆ పైపొర మారి, ద్రవంలో పడగానే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు దండిగా ఏర్పడతాయి. వాటి వల్ల ఉపరితలానికి రుణావేశం వస్తుంది. ధనావేశమున్న కాల్షియం వచ్చి చేరుతుంది. కాల్షియం నిండేసరికి ఉపరితలమే ధనావేశానికి మారి, ఈసారి ఫాస్ఫేట్‌ను పిలుస్తుంది. ఇద్దరూ కలిసి ముందు ఆకారం లేని పొరగా, తర్వాత స్ఫటికంగా మారతారు. ఈ వరసను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఇలా సిద్ధం చేసిన తుంటి కీళ్లు జపాన్‌లో 2007 నుంచి వాడుకలో ఉన్నాయి.

మీ నాన్నగారి స్క్రూకి చేసిన పని వేరే అయి ఉండొచ్చు. చాలావాటిని ఇసుకలాంటి రేణువులతో గరుకు చేసి ఆమ్లంలో ముంచుతారు. కానీ అది ద్రవంలో ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. కొత్త టైటానియం మీద నీళ్లు పలచగా పరుచుకుంటాయి. కొన్ని వారాలు గాలిలో ఉంటే గాలిలోని కార్బన్ సమ్మేళనాలు పేరుకుని, చేమాకు మీద బొట్టులా నీళ్లు నిలబడతాయి. అలాంటి ఉపరితలం మీద ప్రోటీన్లూ, ఎముక కణాలూ కుదురుకోవడం ఆలస్యమవుతుంది. ఒంట్లో చివరికి ఎముక కట్టేది ఆ కణాలే. నా సీసాలో లేనివి అవే. అందుకే సీసాలో గెలిచిన పదార్థాలన్నీ ఒంట్లో గెలవవు.

మూడు నెలలు ఆగమన్నది ఆ కణాల కోసమే. ఈలోగా స్క్రూ కదలకూడదు. మిల్లీమీటరులో పదో వంతు దాటి కదులుతూ ఉంటే ఎముకకు బదులు పీచులాంటి మెత్తటి పొర ఏర్పడవచ్చు, ఇక పట్టు దొరకదు. కాబట్టి ఆ వైపు జంతికలూ, చెరకు ముక్కలూ నమలనివ్వకండి. షుగర్ ఉంటే అదుపులో పెట్టించండి. సిగరెట్ అలవాటుంటే, ఆపమని నా మాటగా కూడా చెప్పండి.