ఈత మాస్టారి జవాబులు: ఎండ చూసి నీళ్ళల్లోకి దూకకండి

ప్రశ్న: మా అబ్బాయి షికాగోలో ఉంటాడు. జూన్ రెండో వారంలో మేమిద్దరం వెళ్తున్నాం, సెప్టెంబరు దాకా ఉంటాం. అక్కడి మిషిగన్ సరస్సులో ఈతకి తీసుకెళ్తానంటున్నాడు. చిన్నప్పుడు మా ఊరి బావిలో నేర్చుకున్నాను, ఇప్పటికీ కాలనీ పూల్‌కి వెళ్తుంటాను. వయసు 58, బీపీకి మాత్ర వేసుకుంటాను. జూన్ అంటే ఎండాకాలమే కదా, నీళ్ళు వెచ్చగానే ఉంటాయా?
- ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: అమ్మా, బావిలో నేర్చుకున్న ఈత గట్టి ఈత. మీ ఈత మీద నాకే అనుమానమూ లేదు. అనుమానమల్లా ఆ జూన్ మీదే.

మన కాలనీ పూల్ లోతు నాలుగైదు అడుగులు. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నానికి నీళ్ళు 30 డిగ్రీలు దాటేస్తాయి. మీ ఊరి బావి సంగతి వేరు. నేల లోపలి నీరు ఏడాది పొడవునా ఆ ప్రాంతపు సగటు వేడికి దగ్గరగా ఉంటుంది, మన వైపు 26, 27 డిగ్రీలు. సంక్రాంతికి గోరువెచ్చగా, మే నెలలో చల్లగా తగిలినా నీళ్ళు అవే, బయటి గాలే మారేది. ఈ రెండు అలవాట్లూ అక్కడ పనికిరావు.

మిషిగన్ విస్తీర్ణం దాదాపు 58 వేల చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణలో సగం. సగటు లోతు 85 మీటర్లు, బాగా లోతున్న చోట 281. టీఎంసీల్లో చెప్పాలంటే లక్షా 70 వేల పైమాటే. నాగార్జునసాగర్ నిండితే 312, ఇక మీరే లెక్కేసుకోండి. అన్ని నీళ్ళు చలికాలమంతా గడ్డకట్టే చలిలో ఉండి, వసంతంలో మెల్లగా వేడెక్కాలి. నీళ్ళు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి. అందుకని ఆ వేడి చేరేదాకా పైనీళ్ళు కిందికి దిగుతూ కలిసిపోతూనే ఉంటాయి. ఆ తర్వాతే పైన ఒక వెచ్చని పొర నిలుస్తుంది. జూన్‌లో ఆ పొర ఇంకా పలచనే.

షికాగో ఒడ్డున జూన్ మధ్యలో నీళ్ళు మామూలుగా 15, 16 డిగ్రీలు. జూలై సగానికి 20, ఆగస్టులో 22 ప్రాంతం, సెప్టెంబరు సగం దాకా 20కి అటూ ఇటూ. పోటీ ఈతల పూల్‌లో నీళ్ళు 25 నుంచి 28 మధ్య ఉంచుతారు. సరస్సులూ సముద్రాల్లో పెట్టే పోటీలకైతే 16 కంటే తక్కువుంటే రేసే పెట్టరు. అంటే మీరు దిగేరోజున, ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళు కూడా గట్టున ఆగిపోవచ్చు.

ఇంకో తిరకాసుంది. మా అమ్మాయి అదే సరస్సు ఒడ్డున మిల్వాకీలో ఉండేది. జూన్ చివర్లో ఒకరోజు ఎండ మండిపోతోంది, 33 డిగ్రీలు. ఇసుక మీద కాలు పెట్టలేం. బీచ్ నిండా జనం, నీళ్ళల్లో మాత్రం ఒక్కరూ లేరు. నా సంచిలో తాడు కట్టిన థర్మామీటర్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది (మా ఆవిడకి దాని మీద చాలా జోకులున్నాయి). నడుం లోతుకి వెళ్ళి వదిలాను. 13! కాళ్ళు అప్పటికే నొప్పి పెడుతున్నాయి, మొద్దుబారడం కూడా కాదు, ఎముకలోంచి వచ్చే సలుపు. మూడు రోజుల ముందు అదే చోట పిల్లలు గెంతులేస్తున్నారు.

కారణం గాలి. ఈ రెండు ఊళ్ళూ సరస్సుకి పడమటి ఒడ్డున ఉన్నాయి. నేల మీంచి సరస్సు వైపు వేడిగాలి వీస్తే, పైనున్న వెచ్చని పొరని లోపలికి నెట్టేస్తుంది. ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లనీళ్ళు పైకొస్తాయి. బకెట్‌లో కాగిన నీళ్ళు పోసి కలపకుండా చెయ్యి పెడితే పైన వేడి, కింద చల్లన ఉంటుంది చూడండి, ఆ పైవేడిని ఎవరో తోసేసినట్టన్నమాట. అందుకే వడగాడ్పు రోజునే ఒక్కోసారి నీళ్ళు మరీ చల్లగా ఉంటాయి. గాలి ఉత్తరం నుంచో తూర్పు నుంచో గట్టిగా వీస్తే మాత్రం అలలు లేస్తాయి, అది వేరే టెన్షన్.

మీ అబ్బాయి 'వాటర్ సూపర్ ఉందమ్మా' అంటాడు. పాతికేళ్ళ వాళ్ళకి అన్నీ సూపరే. మీరు ఆ రోజు నీళ్ళ ఉష్ణోగ్రత ఎంతో అడగండి. అక్కడి వాతావరణ శాఖ రోజూ చెబుతుంది, ఫారెన్‌హీట్‌లో. 60 అంటే మన లెక్కలో పదిహేనున్నర, 70 అంటే 21. 70 లోపు ఉంటే మీరు మోకాలి లోతు దాటొద్దు. ఇది నా సొంత గీత, మీ బీపీని చూసి గీసింది. చల్లనీళ్ళు ఒక్కసారిగా ఒంటికి తగిలితే చర్మం కింద రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. ఊపిరి మన ప్రమేయం లేకుండా గబుక్కున లోపలికి లాగేస్తుంది. ఆ క్షణాన తల నీళ్ళ కింద ఉందో, మింగేది నీళ్ళే. బావిలో దూకినట్టు దూకొద్దనేది అందుకే. బయల్దేరే ముందు మీ డాక్టరుగారిని ఒక మాట అడగండి.

ఆగస్టులో దిగండి. ముందు మోకాళ్ళు, తర్వాత నడుం, ఆపైన మొహం మీదా మెడ మీదా నీళ్ళు చల్లుకుని ఊపిరి కుదుటపడేదాకా ఆగండి. బీచ్‌లో జెండా చూడండి: పచ్చదైతే సరే, పసుపుదైతే జాగ్రత్త, ఎర్రదైతే ఇంటికి. నీళ్ళల్లోకి కట్టిన రాతిగోడల పక్కన ఈదొద్దు, వాటి వెంబడి ప్రవాహం లోపలికి లాగుతుంది. చున్నీ వద్దు, ఒంటికి అతుక్కునే పొడవు చేతుల స్విమ్‌సూట్ ఇక్కడే కొనుక్కెళ్ళండి.

ప్రశ్న: మా ఇల్లు నార్సింగిలో. ఏప్రిల్, మేలో గండిపేట నీళ్ళు వెచ్చగా ఉంటాయి కదా, ఫ్రెండ్స్‌తో కలిసి ఈదితే తప్పేంటి సార్?
- ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: తప్పే బాబూ. అది తాగునీటి జలాశయం. 1908 మూసీ వరద తర్వాత కట్టి, 1920లో పూర్తి చేసింది మీరు మునగడానికి కాదు. అక్కడ ఈతకి అనుమతి లేదు, కాపాడేవాళ్ళూ ఉండరు. ఒడ్డున మోకాలి లోతు బురద, రెండడుగులు వేస్తే ఏముందో తెలీదు. ఇక వెచ్చని నీళ్ళ సంగతి: ఎండాకాలం తగ్గిపోయిన నిలవనీళ్ళల్లో నాచు పెరుగుతుంది. వేడినీళ్ళంటే ఇష్టపడే అమీబా ఒకటుంది, ముక్కులోంచి మెదడుకి పోతుంది. చాలా అరుదు, కానీ సోకితే బతకడం దాదాపు అసాధ్యం. నలుగురూ కలిసి డబ్బులేసుకుని క్లోరిన్ వేసిన పూల్‌కి వెళ్ళండి.

ప్రశ్న: మా ఏడేళ్ళ బాబుని డిసెంబరులో కూడా ఈతకి పంపాలా?
- ఉప్పల్ నుంచి ఒక తండ్రి

జవాబు: వేడిచేసే ఏర్పాటు లేని పూల్ అయితే ఆపేయండి, హోలీ తర్వాత చూద్దాం. చిన్న ఒళ్ళు త్వరగా చల్లబడిపోతుంది. మానిపించడం ఇష్టం లేకపోతే ఎండెక్కాక పంపండి, పావుగంట చాలు. పెదాలు నీలంగా మారితే వాడు 'ఇంకో రౌండ్ నాన్నా' అన్నా వినకుండా తువ్వాలు చుట్టేయండి.